హర్లర్స్ శిలావలయాలు: ఫొటో తీసుకుని వచ్చేయకుండా, నడిచి చూడటం ఎలా

ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్ళలో చాలామంది పాతకాలపు రాళ్ళు అనగానే స్టోన్‌హెంజ్‌కే వెళ్తారు. టికెట్ కొని, తాడు ఇవతల నిలబడి, దూరం నుంచి చూసి వస్తారు. అది చూడొద్దని నేను అనను. కానీ ఆ రాళ్ళ మధ్యలో నిలబడాలనీ, చేత్తో తాకాలనీ, వీటిని ఇక్కడే ఎందుకు నిలబెట్టారో చుట్టూ తిరిగి తెలుసుకోవాలనీ మీకు ఉంటే కార్న్‌వాల్ వెళ్ళండి. అక్కడ బాడ్మిన్ మూర్ ఆగ్నేయపు అంచున మినియన్స్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరిని ఆనుకునే హర్లర్స్ అనే మూడు శిలావలయాలు ఒకే వరుసలో ఉన్నాయి. సుమారు 4,000 ఏళ్ళ నాటివి. టికెట్ లేదు, తాడు లేదు, కాపలా లేదు.

మూర్ అంటే ఏమిటో ముందు చెబుతా, అది తెలియకపోతే ఆ రాళ్ళు కూడా అర్థం కావు. ఎత్తు మీద, చెట్లు పెద్దగా లేని, నాగలి తగలని నేల అది. మనం బీడు అంటామే, అలాంటిదే, కాకపోతే మన బీడు ఎండి నెర్రెలిచ్చి ఉంటుంది, ఇది ఏడాది పొడుగునా తడిసే బీడు. అడుగున గ్రానైట్, దాని మీద సత్తువలేని పల్చటి మట్టి, నీళ్ళు నిలిచే చోట గడ్డి కుళ్ళి కుళ్ళి నల్లగా పేరుకున్న పీట్. బాడ్మిన్ మూర్ మొత్తం 208 చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఎప్పుడో ఇక్కడా చెట్లుండేవి. రాతియుగం, కంచుయుగం మనుషులు పశువుల కోసం నరుక్కుంటూ పోయారు, ఆ తర్వాత వేల ఏళ్ళు గొర్రెలూ ఆవులూ మేస్తూనే ఉన్నాయి కాబట్టి అడవి మళ్ళీ లేవలేదు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు కారు దిగి, రాళ్ళ దగ్గర పది నిమిషాలు తిరిగి, ఇంట్లోవాళ్ళు "ఇంతేనా?" అంటే "ఇంతే" అని వెనక్కి వచ్చేశాం. కొన్ని నెలల తర్వాత ఒక్కడినే వెళ్ళి, వలయాల నుంచి ఉత్తరంగా కనిపించే కొండ దాకా నడిచాక తెలిసింది, ఆ రాళ్ళు సగమే, మిగతా సగం చుట్టూ ఉన్న నేలే అని. అందుకే ఈ దారి ఏ వరుసలో నడవాలో పట్టుబట్టి రాస్తున్నాను. మొత్తం కలిపి నాలుగైదు కిలోమీటర్లు, నిదానంగా నడిస్తే మూడు గంటలు.

ముందు రోజు

వాతావరణం చూసుకోండి. వాన ఉంటే వెళ్ళొచ్చు, పొగమంచు కమ్ముతుందంటే మాత్రం ఇంకో రోజు పెట్టుకోండి. మినియన్స్ సముద్రమట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున ఉంటుంది, కార్న్‌వాల్‌లో అంతకన్నా ఎత్తున ఉన్న ఊరు లేదు. కింద లిస్కర్డ్ పట్టణంలో ఎండ కాస్తుంటే పైన ఏమీ కనబడని రోజులు బోలెడు.

జీన్స్ వద్దు, తడిస్తే బరువెక్కి ఇక ఆరవు. గొడుగు కూడా వద్దు, ఆ గాలికి రెండు నిమిషాలు నిలవదు. టోపీ ఉన్న రెయిన్ జాకెట్, చీలమండ దాకా వచ్చే బూట్లు, సాక్సులు ఇంకో జత. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వేసే ఎక్స్‌ప్లోరర్ వరుసలో 109 నంబరు మ్యాప్ బాడ్మిన్ మూర్‌ది, కాగితం మ్యాపే కొనండి. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకున్నా ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, పైన సిగ్నల్ వస్తుందీ పోతుందీ.

తిండి మీరే కట్టుకెళ్ళండి. ఊళ్ళో టీ దొరుకుతుంది కానీ మీరు వెళ్ళిన వేళకు తెరిచి ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. పులిహోర అయితే చలికి గట్టిపడదు, చేతులు తడిగా ఉన్నా స్పూనుతో తినేయొచ్చు. బార్బెక్యూ, స్టవ్వు లాంటివి అసలు తీసుకెళ్ళకండి. పైన గడ్డి తడిగానే ఉన్నా వేసవిలో దాని కింద పీట్ అంటుకుంటే ఆర్పడం ఎవరి తరమూ కాదు.

వెళ్ళడం

లండన్ పాడింగ్టన్ నుంచి పెన్జాన్స్ వెళ్ళే రైలు లిస్కర్డ్‌లో ఆగుతుంది, సుమారు నాలుగు గంటలు. ప్లిమత్ దాటగానే టేమర్ నది మీద 1859లో తెరిచిన, బ్రూనెల్ అనే ఇంజనీరు కట్టిన వంతెన వస్తుంది, అప్పుడు నిద్రపోకండి. లిస్కర్డ్ నుంచి ట్యాక్సీ ముందే మాట్లాడుకోండి, తిరుగు ప్రయాణానికి కూడా. కారులో వచ్చేవాళ్ళు చివరి కొన్ని మైళ్ళు మెల్లగా రండి, దారి సన్నం, పైగా మూర్ మీదికి ఎక్కాక కంచెలుండవు, గొర్రెలు రోడ్డు మధ్యలోనే పడుకుంటాయి. ఊరి పడమటి చివర పార్కింగ్ ఉంది, అక్కడి నుంచి రాళ్ళు కొన్ని నిమిషాల నడక.

వలయాల దగ్గర: దక్షిణం నుంచి మొదలుపెట్టండి

నేరుగా మధ్య వలయంలోకి పోవద్దు, అందరూ అదే చేస్తారు. దక్షిణం వైపుది చూసి రండి ముందు. అది బాగా దెబ్బతింది, 9 రాళ్ళే మిగిలాయి, వాటిలోనూ ఎక్కువ పడిపోయినవే. గడ్డిలో పడుకున్న ఆ రాళ్ళను వెతుక్కుంటూ గుండ్రంగా ఒక చుట్టు నడిస్తే, వలయం ఎంత వెడల్పుందో మీ కాళ్ళకే తెలుస్తుంది. ఇది దాదాపు 33 మీటర్లు.

తర్వాత మధ్యది. మూడింట్లో పెద్దది ఇదే, ఒక వైపు 43.5 మీటర్లు, ఇంకో వైపు 41.7, అంటే కచ్చితమైన గుండ్రం కాదు, కాస్త కోలగా ఉంటుంది. ఇక్కడ 14 రాళ్ళున్నాయి. మధ్య మధ్య చిన్న గుర్తురాళ్ళు కనిపిస్తాయి చూడండి, అవి పాతవి కావు. 1930ల్లో రాలీ రాడ్‌ఫర్డ్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఇక్కడ తవ్వకాలు చేసినప్పుడు పడిపోయిన వాటిలో కొన్నిటిని తిరిగి నిలబెట్టి, మాయమైన రాళ్ళ చోట ఆ గుర్తులు పాతించాడు. పిల్లలుంటే ఏది పాతరాయి, ఏది గుర్తురాయి అని వాళ్ళనే చెప్పమనండి.

ఇప్పుడు ఒక రాయి దగ్గర ఆగండి. గ్లవ్స్ తీసేసి అరచేయి దాని మీద పెట్టండి. కొన్ని ముఖాలు గరుకుగా ఉంటాయి, కొన్ని నున్నగా. నున్నదనం వానకు వచ్చింది కాదు, సుత్తిరాళ్ళతో కొట్టి కొట్టి చదును చేశారు. అలా కొట్టినప్పుడు రాలిన మెరుపు రవ్వల్ని కూడా పారేయలేదు, వలయం లోపలే చల్లారని తవ్వకంలో తేలింది. రాతిని దగ్గరగా చూస్తే తెల్లటి పొడుగాటి పలుకులు కనిపిస్తాయి, అవి ఫెల్‌స్పార్, వాటి మధ్య గాజులా ఉన్నది పలుగురాయి, తళుక్కుమనేది కాకిబంగారం. ఎండపొద్దున ఒక వైపు నుంచి వెలుగు పడితే రాయంతా మినుకుమంటుంది. పైన బూడిదరంగు, పసుపురంగు పొరలు కట్టి ఉంటాయి కదా, అవి లైకెన్లు, బిర్యానీలో వేసే రాతిపువ్వుకు చుట్టాలే. అవి పెరగడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది కాబట్టి గోటితో గీకకండి, పిల్లల్ని గీకనివ్వకండి.

మధ్య వలయం నుంచి ఉత్తరపు వలయానికి వెళ్ళేటప్పుడు మీరు నడిచే గడ్డి కింద పలుగురాళ్ళు పరిచిన బాట ఒకటుంది. 1930ల తవ్వకంలో బయటపడింది, మళ్ళీ పూడ్చేశారు, 2013లో ఇంకోసారి తెరిచి చూసి మళ్ళీ మట్టి కప్పారు. పైకి ఏమీ కనబడదు. అయినా అక్కడ నెమ్మదిగా నడవండి. తెల్లటి బాట మీద ఒక వలయంలోంచి ఇంకో వలయంలోకి మనుషులు నడిచేవారని తెలిశాక ఆ కాస్త దూరాన్ని గబగబా దాటబుద్ధి కాదు.

ఉత్తరపు వలయం 35 మీటర్లు, మొదట్లో 30 దాకా ఉన్న రాళ్ళలో 15 మిగిలాయి. దీని మధ్యలో నిలబడి ఉత్తర ఈశాన్యం వైపు చూడండి. ఆకాశం అంచున ఒక దిబ్బ కనిపిస్తుంది. మధ్య వలయం నడిబొడ్డు నుంచి ఉత్తర వలయం నడిబొడ్డుకు గీత గీసి పొడిగిస్తే అది సరిగ్గా ఆ దిబ్బ మీదికి పోతుంది. దాని పేరు రిల్లటన్ బారో, బారో అంటే పాతకాలపు సమాధి దిబ్బ, మన తర్వాతి మజిలీ అదే.

బయల్దేరే ముందు పడమటి వైపు వంద మీటర్లకు కాస్త పైన జంటగా నిలబడ్డ రెండు రాళ్ళు కూడా చూడండి. వాటిని పైపర్స్ అంటారు, అంటే ఊదేవాళ్ళు. హర్లింగ్ అనేది వెండి బంతితో ఆడే కార్న్‌వాల్ ఆట, సెయింట్ కొలంబ్ ఊళ్ళో ఇప్పటికీ ఆడతారు. ఆదివారం చర్చికి పోకుండా ఆ ఆట ఆడినవాళ్ళు ఇలా రాళ్ళయిపోయారనీ, పక్కన వాయిద్యం ఊదినవాళ్ళూ రాళ్ళయ్యారనీ కథ. విలియం కామ్డెన్ అనే ఇంగ్లిష్ చరిత్రకారుడు 400 ఏళ్ళ కిందటే దీన్ని రాసిపెట్టాడు. మన దగ్గర తెలంగాణలో పాత సమాధిరాళ్ళను రాకాసి గుళ్ళు అంటారు, కృష్ణ ఒడ్డున ముడుమాల్‌లో నిలువురాళ్ళను తిమ్మప్పగా కొలుస్తారు. ఎవరు నిలబెట్టారో మరిచిపోయిన రాయికి ప్రతి ఊరూ ఏదో ఒక కథ చెప్పుకోకుండా ఉండలేదు.

ముడుమాల్ మాట వచ్చింది కాబట్టి ఒక్క మనవి. అలవాటు కొద్దీ హర్లర్స్ రాళ్ళకు పసుపు, కుంకుమ పెట్టకండి, దీపం వెలిగించకండి, నాణేలు పగుళ్ళలో దూర్చకండి. మీ భక్తిని నేను తక్కువ చేయడం లేదు. నూనె, మైనం గ్రానైట్‌లోకి ఇంకితే పోవు, మంట తగిలితే రాయి పెచ్చులూడుతుంది. చేతులు జోడిస్తే చాలు.

రిల్లటన్ దిబ్బకు

దారి అర కిలోమీటరే. గొర్రెలు తొక్కిన సన్నబాటలు చాలా ఉంటాయి, ఏది పట్టుకున్నా పర్వాలేదు, దిబ్బ కళ్ళ ముందే ఉంటుంది. నేల మాత్రం చూసుకుంటూ నడవండి. వలయాల చుట్టుపక్కల నేలంతా గుంటలు, కాలువల్లా చీలి ఉంటుంది, తగరం కోసం తవ్విన పాత గోతులవి. కాలు పెట్టే ముందు రంగు చూడండి: ముదురాకుపచ్చ రెల్లు గుబురుగా ఉన్నా, కళ్ళు చెదిరే లేతాకుపచ్చ నాచు పరుపులా ఉన్నా, తెల్లటి దూదిపింజల్లాంటి పూలు ఊగుతున్నా అక్కడ కింద నీళ్ళున్నట్టే. చుట్టు తిరిగి పోండి. పసుపు పూల ముళ్ళపొద గోర్స్ ఉన్నచోట సాధారణంగా నేల గట్టిగా ఉంటుంది. ఆ పూల దగ్గర ముక్కు పెట్టి చూడండి, అచ్చంగా పచ్చికొబ్బరి వాసన.

దిబ్బ తూర్పు పక్కన రాతిపలకలతో కట్టిన పెట్టెలాంటి గొయ్యి తెరుచుకుని ఉంటుంది. 1837లో కట్టుబడి రాయి కోసం తవ్వుతున్న కూలీలకు అందులో మనిషి ఎముకలు, కంచు బాకు, కుండ, వాటితోపాటు గీతలు గీతలుగా ముడతలు తీర్చిన చిన్న బంగారు గిన్నె దొరికాయి. గిన్నె ఎత్తు తొమ్మిది సెంటీమీటర్లకు మించదు. భూమి డచీ ఆఫ్ కార్న్‌వాల్ అనే రాజకుటుంబపు ఎస్టేటుది కాబట్టి అది రాజకుటుంబానికి చేరింది. ఐదో జార్జి రాజు డ్రెస్సింగ్ రూములో కాలర్ గుండీలు వేసుకునే గిన్నెగా ఉండి, 1936లో ఆయన పోయాక గానీ బ్రిటిష్ మ్యూజియంకు రాలేదు. గొయ్యి ముందు కూర్చుని ఈ సంగతి చెబితే పిల్లలు ఫోన్ పక్కన పెట్టేస్తారు. లోపలికి చేయి చాచనివ్వండి, రాళ్ళ మీదికి ఎక్కనివ్వకండి.

ఇక్కడి నుంచి ఒకసారి వెనక్కి తిరిగి వలయాలను చూడండి. కింద నిలబడ్డప్పుడు గుండ్రమని నడిస్తేగానీ తెలియలేదు, ఇక్కడి నుంచి మూడూ వరుసగా ఎలా పరిచారో ఒక్క చూపులో తెలుస్తుంది. నేను మొదటిసారి వదిలేసి వచ్చింది ఈ చూపునే.

కొండ మీదికి

ఉత్తరంగా ఇంకో అర కిలోమీటరు పోతే 381 మీటర్ల స్టోస్ హిల్. దాని అంచున చీజ్‌రింగ్ అనే రాళ్ళ దొంతర ఉంది, కింద చిన్నవి, పైన పెద్దవి, ఎవరో పేర్చినట్టు. ఎవరూ పేర్చలేదు. గ్రానైట్‌లో అడ్డంగా ఉన్న పగుళ్ళ వెంట నీరూ మంచూ దిగి, మెత్తనిదంతా పోయి, గట్టిది మిగిలింది. హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టల మీద పడిపోతాయేమో అనిపించే బండలు కూడా గ్రానైట్ పగుళ్ళ వెంట అరిగే తయారయ్యాయి. కొండ తలను చుట్టి కూలిన రాతిగోడలు కనిపిస్తాయి, వాటి లోపలి జాగా స్టోస్ పౌండ్, నవీన శిలాయుగం నాటిది, అంటే కింద వలయాలు లేవకముందే ఇక్కడ మనుషులు గుమిగూడేవారు. వలయాలకు ఆ చోటు ఎందుకు ఎంచుకున్నారో చెప్పమంటే నా చేయి ఈ కొండ వైపే పోతుంది. వలయాల్లోంచి ఉత్తరంగా చూస్తే కంటికి ఆనేది ఇదే.

ఒక జాగ్రత్త. చీజ్‌రింగ్ పక్కనే పాత క్వారీ నిట్టనిలువుగా తెగి ఉంది. గాలి రోజున అంచుకు పోవద్దు, పిల్లల చేయి వదలొద్దు, వెనక్కి నడుస్తూ సెల్ఫీ అసలే వద్దు.

క్వారీ దగ్గరే డేనియల్ గంబ్ ఇల్లు వెతకండి. 18వ శతాబ్దంలో రాళ్ళు కొట్టి బతికిన మనిషి, భార్యాబిడ్డలతో గ్రానైట్ పలకల కింద గుహలాంటి ఇల్లు చేసుకుని ఉన్నాడు. క్వారీ పెరిగినప్పుడు అసలు ఇల్లు పోయింది, ఇప్పుడున్నది కొంత జరిపి మళ్ళీ పేర్చింది. పక్కరాతి మీద ఆయన పేరు, 1735 అనే అంకెలు ఉన్నాయి. కప్పురాయి మీద చూస్తే త్రిభుజం, దాని మూడు వైపులా చతురస్రాలు: మనం తొమ్మిదో పదో తరగతిలో నేర్చుకున్న పైథాగరస్ బొమ్మే. బడిపలక దొరకని చోట ఇంటికప్పు మీదే చెక్కుకున్నాడు. పొద్దు వాలే వేళ వెలుగు అడ్డంగా పడితే గీతలు బాగా తేలతాయి, లేదంటే ఫోన్ లైటు పక్క నుంచి పట్టండి. చాక్‌తో మాత్రం దిద్దకండి.

తిరుగు దారి

వచ్చిన దారినే రావద్దు. క్వారీ నుంచి మినియన్స్‌కు 1840ల నాటి రాళ్ళబండి రైలు దారి ఉంది, చదునుగా ఉంటుంది, అలిసిన కాళ్ళకు హాయి. పట్టాలు లేవు, పట్టాలు బిగించిన గ్రానైట్ దిమ్మలు ఇంకా వరుసగా ఉన్నాయి, ఒక్కో దానికి గుండ్రటి బెజ్జాలు. ఊరి దగ్గర పొడుగాటి పొగగొట్టంతో రాతి ఇంజన్ హౌస్ ఒకటి కనిపిస్తుంది, గనుల్లోంచి నీరు తోడిన ఆవిరి యంత్రాల ఇల్లు. ఇక్కడి రాగి గనులు 1830ల్లో ఊపందుకుని తర్వాత చితికిపోయాయి, పనిలేక కార్నిష్ గనివాళ్ళు ప్రపంచం నలుమూలలకూ వెళ్ళారు. కొందరు కోలారు బంగారు గనులకు వచ్చారు. 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ అనే కంపెనీ నడిపిన ఆ గనుల్లో పైన అధికారులు వీళ్ళు, కింద సొరంగాల్లో దిగినవాళ్ళలో మన చిత్తూరు వైపు జనం ఎందరో. మీ తాతలు కేజీఎఫ్‌లో చేసినవాళ్ళయితే ఈ గోడ దగ్గర కాసేపు నిలబడండి. కంచె వేసిన చోట్లకు మాత్రం వెళ్ళకండి, కింద గని బావులుంటాయి.

పొగమంచు కమ్మితే

నాకు దిబ్బకూ కొండకూ మధ్య ఒకసారి కమ్మింది. ఐదు నిమిషాల్లో అంతా తెల్లగా, పది అడుగుల అవతల ఉన్న గొర్రె కూడా రాయిలా కనబడింది. టెన్షన్‌లో గబగబా నడిస్తే ఎటు పోతున్నామో తెలియదు. ఆగండి. అందరూ ఒకచోటికి చేరండి. మ్యాప్, దిక్సూచి తీసి దక్షిణం పట్టుకోండి, ఊరు అటే. అందుకే ఆకాశం బాగున్నప్పుడే ఒక అలవాటు చేసుకోండి: ఆగ్నేయంగా కారడన్ హిల్ మీద పెద్ద టీవీ మాస్ట్ ఉంటుంది, ఆగిన ప్రతిచోటా అది మీకు ఏ చేతి వైపు ఉందో చూసి పెట్టుకోండి. దారి దొరకలేదనిపిస్తే చలి ఒంట్లోకి దిగేదాకా ఆగకుండా, మొహమాటపడకుండా అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయండి. డిసెంబరులో నాలుగుంపావుకే పొద్దు పోతుంది, కాబట్టి చలికాలంలో మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత కొండకు బయల్దేరొద్దు.

ఆవుల పక్కన దూడలుంటే దూరంగా చుట్టి పోండి, మూర్ మీద తిరిగే పొట్టి గుర్రాలకు ఏదీ తినిపించకండి. పొద్దున ఎండలో బ్రాకెన్ అనే ఫెర్న్ పొదల దగ్గర ఆడర్ అనే విషప్పాము పడుకుని ఉండొచ్చు, చప్పుడు వింటే అదే పోతుంది.

ఇంటికి వచ్చాక స్నానం చేసేటప్పుడు మోకాళ్ళ వెనక, నడుం దగ్గర, పిల్లలకైతే చెవుల వెనక కూడా పిడుదుల కోసం చూడండి. కరుచుకుని ఉంటే నూనె పోయకండి, కాల్చకండి, ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగండి. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రటి చక్రంలా పెరిగితే డాక్టర్‌కు చూపించండి, లైమ్ జబ్బు కావచ్చు.

తర్వాత ఎప్పుడైనా లండన్ వెళ్ళినప్పుడు రిల్లటన్ గిన్నె కోసం బ్రిటిష్ మ్యూజియంలో ఒక గంట ఉంచుకోండి. ఆ గొయ్యి చూసి వచ్చాకే వెళ్ళండి, ముందు కాదు. మా అమ్మాయి అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసి, "నాన్నా, ఆ రాతిపెట్టెలో దీన్ని తల వైపు పెట్టారా, కాళ్ళ వైపా?" అని అడిగింది.